సగం గిన్నె తుపాకిమందు

అతను మూడు డబ్బాలు మా భోజనాల బల్ల మీద వరసగా పెట్టి, "ఈటిలో ఏ మందు పనికొస్తాదో మీరే సెప్పాలి టీచరు గారూ" అన్నాడు.

నాకు ముందు భయం రాలేదు, కోపం వచ్చింది. అన్నం తినే బల్ల మీద తుపాకిమందు ఏమిటి? తీసి కింద పెట్టమన్నాను. మారు మాట్లాడకుండా తీసి గోడ వారగా పెట్టాడు. మిలటరీలో ఇరవై ఏళ్ళు చేసి వచ్చిన మనిషి, యాభై దగ్గర పడుతున్నాయి, పెద్దవాళ్ళ మాట వింటాడు. అతనెవరో చెప్తాను. రావికమతం వైపు జీడితోట, చెరుకు ఉన్న ఒక రైతుగారి అల్లుడు. ఆ రైతుగారి రైఫిల్ పగిలే మా నాన్న కుడి కన్ను, కుడి చేతి మూడు వేళ్ళు పోయాయి. అది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. రైతుగారూ పోయారు, నాన్నా పోయాడు. నర్సీపట్నంలో ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను, బడి నుంచి రిటైరై.

ఆ రైతుగారి తాత తన రోజుల్లో ఒకే రకం రైఫిళ్ళు జతగా కొన్నాడట. ఒకటి పగిలిపోయింది. రెండోది అన్నదమ్ముల వాటాల్లో వేరే ఇంటికి పోయి, తిరిగి తిరిగి ఇప్పుడు లైసెన్సుతో సహా ఈ అల్లుడి చేతికొచ్చింది. దానికి సరిపడే తూటాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. పేల్చేసిన ఖాళీ ఇత్తడి తూటాలు మాత్రం పన్నెండు దొరికాయి. వాటిలో మళ్ళీ మందు నింపుకుని, చెరుకులో పడుతున్న అడవిపందుల్ని బెదరగొట్టాలని అతని ఆలోచన.

"మందు నింపుకోవచ్చని నీ లైసెన్సులో ఉందా బాబూ?" అని అడిగాను.

"లేదండి" అన్నాడు దాచకుండా. "మీ నాన్నగారి లైసెన్సులో మాత్రం ఉండీదేటండి?"

ఉండేది కాదు. నాన్నది రిపేరు లైసెన్సే. తూటాలు నింపడం ఊరందరికీ తెలిసీ ఎవరూ పైకి అనని పని.

అతను సంచిలోంచి అరచేతిలో పట్టేంత ఎలక్ట్రానిక్ కాటా, ఒక నోటుబుక్కు తీశాడు. ఫోనులో వీడియోలు చూసి బుక్కు నిండా ఏవో అంకెలు రాసుకున్నాడు. మూడు డబ్బాల్లోనూ పేలితే పొగరాని కొత్తరకం మందే, కానీ మూడూ మూడు రకాలు. ఒకటి చిన్న చిన్న రేకులు, ఒకటి సన్నని పుల్లముక్కలు, ఒకటి గసగసాల్లా గుండ్రం. ఎక్కడ సంపాదించాడో నేనడగలేదు.

"ఏ రకవన్నది మీరు సెప్పండి. కొలత నాకొదిలీండి" అన్నాడు. "మీ నాన్నగారి పనితనం గురించి మా మాంగారు రోజూ సెప్పీవోరు. అది ఆయన తప్పు కాదండి, కళ్ళ తప్పు. శుక్లాలు ముదిరిపోయి, కనపడక గిన్నె నిండా పోసీసేరు. నాకు కళ్ళున్నాయి, కాటా ఉన్నాది. ఆయన గిన్నె ఎంతుండీదో సెప్పండి సాలు. అందులో సగవే పోస్తాను. సగానికి ఏటీ అవదు."

సగం అన్న మాట విని అక్కడ కూర్చోలేకపోయాను. "కూర్చో బాబూ, టీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ వెలిగించడం చేత కాలేదు. అలాగే గట్టు పట్టుకుని నిలబడిపోయాను.

మా వంటింట్లో నాన్న ఇంకా ఉన్నాడు. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, మా పాస్టరు గారు ఒప్పుకోరు కూడా. కానీ ఒక మనిషి పదకొండేళ్ళపాటు, కుడి చేతికి మిగిలిన రెండు వేళ్ళతో టీ గ్లాసు కోసం ఆ గట్టు తడిమితే, ఆ చప్పుడు ఎక్కడికి పోతుంది? ఇప్పటికీ మధ్యాహ్నం పూట వెనక్కి తిరగకుండా "ఎడం పక్కనుంది నాన్నా" అంటాను. అన్నాక గాని ఆయన లేడని గుర్తు రాదు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాను. దీపావళికి మూడు రోజులు తలుపులన్నీ వేసుకుని లోపలి గదిలో కూర్చుంటాను. ఈ ఇల్లు అమ్మేసి యలమంచిలిలో రైలు స్టేషను దగ్గర ఉండమని మా వాళ్ళు చాలామంది చెప్పారు. వెళ్ళలేదు. వెళ్తే నాన్న ఇక్కడ ఒక్కడైపోతాడని నా భయం. పిచ్చి అనుకోండి.

నాన్న కొట్టు బజారులో ఉండేది, ఇద్దరు మనుషులు పట్టేంత కొట్టు. కొండవార రైతుల తుపాకులన్నీ అక్కడికే వచ్చేవి. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించాలి కదా. రెండు మూడు నెలలు అక్కడ మూల పడి, తుప్పు పట్టి, తిరిగి వచ్చేవి. ఎలక్షన్లయ్యాక నాన్నకి అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఎవరు గెలిచారని కూడా అడిగేవాడు కాదు. ఏ స్టేషనులో గది చెమ్మగా ఉందో మాత్రం తెలిసేది.

విశాఖపట్నంలో ఒక పాత తుపాకుల కొట్టులో పని నేర్చుకుని వచ్చాడు నాన్న. ఆ కొట్టు పెద్దాయన్నే గురువు గారనేవాడు. గురువు గారిచ్చిన కొలత గిన్నె ఒకటి ఉండేది, బొటనవేలంత, ఇత్తడిది. పాతకాలం పొగమందుతో పని చాలా తేలిక. గిన్నెతో తీసి, పైన పోస్టుకార్డు ముక్కతో సమం చేసి, తూటాలో ఒంపి, సీసం గుండు బిగించడమే. చిటికెడు అటూ ఇటూ అయినా తుపాకి భుజాన్ని కాస్త గట్టిగా తంతుంది, అంతే. అందుకని నాన్న జీవితంలో కాటా ఎరగడు. గిన్నే ఆయన కాటా.

గురువు గారు గిన్నెతో పాటు ఒక రూలు కూడా ఇచ్చారు. నింపిన మనిషే మొదటి తూటా పేల్చాలి. తుపాకి సొంతదారు వెనక నిలబడాలి. ఎంత పెద్ద ఆసామీ అయినా, ఎంత తొందరలో ఉన్నా, ఆ మొదటి దెబ్బ నాన్నదే. రోలుగుంట దారిలో పాడుబడ్డ గ్రావెల్ గొయ్యి ఒకటుంది, అక్కడికి తీసుకెళ్ళి పేల్చి చూపించేవాడు. అందుకే రైతులకి నాన్నంటే అంత నమ్మకం. తన కన్ను పెట్టి హామీ ఇచ్చే మనిషిని ఎవరు నమ్మరు?

ఆ కన్నే మసకబారడం మొదలైంది. శుక్లాలు. ఆపరేషనంటే ససేమిరా ఒప్పుకోలేదు. "కొట్టు నెల్లాళ్ళు మూస్తే మళ్ళీ ఎవడూ రాడమ్మా" అనేవాడు. అమ్మ అప్పటికే లేదు, నేను పెళ్ళి చేసుకోలేదు, మిషను బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రం బడి నుంచి వచ్చి, వెనక గది తలుపేసుకుని, మందు నేను కొలవడం మొదలుపెట్టాను. నాన్న పక్కన కూర్చుని గుండ్లు బిగించేవాడు. బయటికి తెలియనివ్వలేదు. తూటాలు పంతులమ్మ నింపుతోందంటే ఎవడు కొంటాడు? నాలుగేళ్ళు అలా నడిచింది. మొదటి దెబ్బ మాత్రం నాన్నే పేల్చేవాడు. రూలు ప్రకారం అది నేను పేల్చాల్సిన దెబ్బ. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఒక్కనాడూ ఆ మాట అనుకోలేదు.

ఆ ఏడాది పొగమందు దొరకడం మానేసింది. అప్పుడే ఈ రైతుగారు రైఫిలూ, ఒక డబ్బా పట్టుకుని వచ్చారు. డబ్బా ఎవరో మిలటరీ పెన్షనరు ఇచ్చాడట. డబ్బా మీది కాగితం సగం చిరిగిపోయి ఉంది. నేను ఇంగ్లీషు చదివి నాన్నకి తెలుగులో చెప్పాను. పొగరాని మందు, తూకంతోనే వాడాలి, గిన్నెలతో కొలవకూడదు. ఏ తుపాకికి పనికొస్తుందో రాసిన ముక్క చిరిగిన వైపు పోయింది.

మూత తీసి చూశాం. పొగమందు బొగ్గుపొడిలా చేతికి మసి అంటించేది. ఇది బూడిద రంగులో శుభ్రంగా ఉంది. చెంచాతో తీసుకుని కూరలో వేసుకోవచ్చన్నట్టుంది. నాన్న రెండు పలుకులు వేళ్ళ మధ్య నలిపి మూత పెట్టేశాడు.

"వీటిలో రకాలుంటాయమ్మా. ఒకటి గబుక్కున మండిపోతాది, ఒకటి నిదానంగా మండుతాది. సూపుకి అన్నీ ఒకటే. పైగా ఈ రైఫిలు ఇనుం పాత మందు కోసం పోసిన ఇనుం. ఇది తట్టుకుంటాదో లేదో నాకు తెలీదు. గురువు గారికి ఉత్తరం రాయి."

"ఫోను చేస్తే అయిపోతుంది కదా నాన్నా."

"ఫోన్లో అంకెలు మారిపోతాయి. కాగితం మీద రాయించు."

రాశాను. రైఫిల్ మీదున్న గుర్తులు, డబ్బా మీద మిగిలిన అక్షరాలు, అన్నీ రాసి పోస్టు చేశాను. వారం గడిచింది, జవాబు లేదు. ఈలోగా రైతుగారు రెండుసార్లు తిరిగారు. మూడోసారి వచ్చినప్పుడు నాన్న కొట్టులో లేడు, నేనున్నాను.

"పందులు సెరుకంతా దున్నీస్తన్నాయి తల్లీ" అన్నారు. "మీ నాన్నగారికి సూపు ఆనటం లేదని బజార్లో అనుకుంటన్నారు. సేతకాపోతే సెప్పీమనండి, తప్పేటుంది? యలమంచిలిలో ఇంకో మిస్త్రీ ఉన్నాడు."

ఆయన దెప్పాలని అనలేదేమో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాన్న కళ్ళ సంగతి ఊరు అనుకుంటోందా! చేతకాదా! నా కోపం సంగతి నా దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. కోపం వస్తే నాకు వెనకా ముందూ కనపడదు. "శనివారం రండి. తూటాలు తయారుగా ఉంటాయి" అనేశాను.

ఆ సాయంత్రం నాన్నతో, "గురువు గారి ఉత్తరం వచ్చింది నాన్నా" అన్నాను.

"మొత్తానికి వచ్చింది. ఏటి రాసేరు?"

"సగం గిన్నె చాలన్నారు."

ఎందుకు సగమంటే, ఈ కొత్త మందు పాతదానికంటే రెండింతలు బలమైనదని ఎక్కడో విన్నాను. బలం రెండింతలైతే కొలత సగం. ఏడో తరగతి పిల్లలకి బల్ల గుద్ది చెప్పే విలోమానుపాతం. బోర్డు మీద ఎప్పుడూ సరిగ్గా వచ్చే లెక్క. ఇది రెండింతలో నాలుగింతలో, ఎంత వేగంగా మండుతుందో, ఆ ఇనుము ఎంత ఓర్చుకుంటుందో, ఇవేవీ నా లెక్కలో లేవు. గిన్నెతో కొలవొద్దని నా నోటితో నేనే చదివాను. అయినా గిన్నెతోనే కొలిచాను. చేతికి అలవాటైన వస్తువు అది.

నాన్న డబ్బా మూత తీసి మళ్ళీ రెండు పలుకులు నలిపి చూశాడు. తర్వాత "సరే, పట్రా గిన్నె" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం గ్రావెల్ గొయ్యిలో ముగ్గురమే ఉన్నాం. నాన్న, వెనక రైతుగారు, ఆ వెనక తూటాల పెట్టె పట్టుకుని నేను. నాన్న రైఫిల్లో తూటా పెట్టి, భుజానికి ఎత్తబోతూ ఆగాడు. తల తిప్పకుండానే అడిగాడు.

"సగవనే కదమ్మా రాసేరు?"

ఆ ఒక్క క్షణం నా చేతికి దేవుడిచ్చాడు. కాదు నాన్నా, ఉత్తరం రాలేదు అంటే అయిపోయేది. రైతుగారి ముందు నాన్న తల దిగిపోతుంది, అంతే కదా. నాలుగు రోజులు నాతో మాట్లాడడు, అంతే కదా.

"సగమే నాన్నా" అన్నాను.

పేలింది. ఎప్పుడూ మొదటి దెబ్బకి తెల్లటి పొగ కమ్మేసి, నాన్న అందులో మాయమై, మళ్ళీ నవ్వుతూ కనిపించేవాడు. ఆ రోజు పొగ లేదు. అడ్డం ఏమీ లేదు. అంతా కనపడింది. నేను చూసింది రాయలేను, ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను.

రైతుగారి జీపులోనే విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడో రోజు పోలీసులొచ్చి మంచం పక్కన నిలబడి అడిగారు. కట్లలోంచి నాన్న గొంతు స్పష్టంగా వచ్చింది. "నానే నింపేను బాబూ. సూపు ఆనలేదు. ఎక్కువ పడిపోయింది." నేను కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నా నోరు తెరుచుకోలేదు. నేను కొలిచానన్న సంగతి దాచి నన్ను కాపాడుతున్నాడని అనుకున్నాను. అది చాలదన్నట్టు, ఉత్తరం సంగతి బయట పడనందుకు లోలోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా. అలాంటి మనిషిని నేను.

ఎనిమిదో రోజు బట్టల కోసం నర్సీపట్నం వస్తే, పోస్టుమాను గుమ్మంలో ఉత్తరం ఇచ్చాడు. గురువు గారు ఒంట్లో బాగా లేక ఆలస్యమైందని మొదలుపెట్టి, డబ్బా పేరు పూర్తిగా తెలియకుండా ముట్టుకోవద్దని రాశారు. "ఆ రైఫిలు పొగమందు కోసం చేసింది. అందులో పొగరాని మందు ఏ రకమూ, చిటికెడు కూడా పొయ్యకు. గోడకి తగిలించుకోమని చెప్పు." గుమ్మంలోనే కూలబడి చదివాను. తర్వాత లేచి, ట్రంకుపెట్టెలో నా సర్టిఫికెట్ల అడుగున పెట్టేశాను.

నాన్న లైసెన్సు పోయింది, కొట్టు పోయింది. ఊరు జాలి పడింది. ముసలోడికి కళ్ళు కనపడక ఎక్కువ పోసేసుకున్నాడని, ఆపరేషను చేయించుకుని ఉంటే ఇంత జరిగేది కాదని, బజారులో, బడిలో, గుడి మెట్ల మీద అదే మాట. నలభై ఏళ్ళ పనితనం ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయింది. తెలియనివాళ్ళు ఇంకా అరుగు దాకా తుపాకులు తెచ్చేవారు. "నాకు కళ్ళు లేవు నాయినా, తీసుకెళ్ళిపో" అని నాన్నే చెప్పేవాడు. లోపల పిల్లల కాగితాలు దిద్దుతూ నేను వినేదాన్ని. ఎర్రసిరా కలం చేతిలో అలాగే ఆగిపోయేది.

ఏటా ఆ ప్రమాదం జరిగిన వారంలో వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళం. నా తండ్రి ప్రాణం కాపాడిన దేవునికి స్తోత్రం అని నేను లేచి చెప్తే, అందరూ ఆమేన్ అనేవాళ్ళు. పక్కన నాన్న మిగిలిన కన్ను మూసుకుని కూర్చునేవాడు. పదకొండు సాక్ష్యాలు చెప్పాను, పదకొండూ సగం నిజాలే. ప్రతిసారీ ఇంటికొచ్చి తలనొప్పని పడుకునేదాన్ని.

నాన్న పోయేముందు వారం రోజులు మంచంలో ఉన్నాడు. ఈ రోజు చెప్పేద్దాం, ఈ రోజు చెప్పేద్దాం అనుకుంటూనే గంజి తాగించాను, దుప్పటి కప్పాను. చెప్పలేదు. పిరికిదాన్ని. ఇంకో మాట లేదు దానికి.

వంటింట్లోంచి టీ లేకుండానే బయటికి వచ్చాను. అతను నోటుబుక్కులో ఏదో గీసుకుంటున్నాడు.

"బాబూ, ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు. ఆ రైఫిల్ని గోడకి తగిలించుకో" అన్నాను.

నవ్వాడు. "అందరూ అదే అంటన్నారండి. మీరు భయపడ్డం సహజవే, కళ్ళారా సూసేరు. మీ నాన్నగారి కళ్ళు బాగుంటే ఈ మాట అందురేటి? రేపొద్దున్న ఆ గొయ్యిలోనే పేల్సి వస్తాను. నింపినోడే ముందు పేల్చాలి కదా, మా మాంగారు సెప్పేరు. నానే పేలుస్తాను."

అప్పుడర్థమైంది. నేను ఎంత బెదిరించినా ఇతను వినడు. నాన్న కళ్ళ మీద వేసిన తప్పును ఇతను మనస్ఫూర్తిగా నమ్మాడు. అది నమ్మినంత కాలం సగం గిన్నె మీద ఇతనికి ధైర్యం. రేపొద్దున్న ఆ ధైర్యంతోనే రైఫిల్ భుజానికి ఎత్తుతాడు. నేను నోరు తెరిస్తే నాన్న కూతురు అబద్ధాలకోరని ఊరంతా తెలుస్తుంది. తెరవకపోతే ఇతని పెళ్ళాం ఆసుపత్రి మంచం దగ్గర నిలబడుతుంది.

"మా నాన్న గిన్నె నిండా పొయ్యలేదు" అన్నాను. "సగమే పోశాం. ఆ సగానికే పగిలింది."

అతను కలం కింద పెట్టాడు.

"పోసింది కూడా ఆయన కాదు, నేను. కళ్ళు బాగున్న దాన్నే. విశాఖపట్నం నుంచి జవాబు రాకుండానే వచ్చిందని అబద్ధం చెప్పి, సగం అని నేనే కల్పించి, మా నాన్న చేత పేల్పించాను."

ఇంత పెద్ద సంగతి చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఇరవై ఏళ్ళు మోసింది ఇంతేనా అనిపించింది. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఉత్తరం తెచ్చి అతని ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. కవరు మీద పోస్టు ముద్ర వెలుతురుకి తిప్పి చూశాడు.

చొక్కా జేబులో చెయ్యి పెట్టి, నెమ్మదిగా ఒక తూటా తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్న ఒకటి నింపీసేనండి. కొలత ఉజ్జాయింపుగా వేసుకుని, సగవే కదా అని. మీరు ఏ రకవని సెప్తే మిగతావి నింపుదావనుకున్నాను" అన్నాడు. ఈసారి బల్ల మీంచి తీయమని నేను అనలేదు. ముగ్గురు పిల్లలున్న మనిషి గుండె మీద అది పెట్టుకుని, అంత దూరం బండి మీద నా ఇంటికి వచ్చాడు.

డబ్బాలూ తూటా అన్నీ స్టేషనులో అప్పగిస్తానని, కేసైతే అవనీమని, రైఫిలు కూడా వదిలేస్తానని తనే అన్నాడు. నేను తలూపాను. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. అతను ఉత్తరం మడతల వెంట మళ్ళీ మడిచి, నా చేతికివ్వబోతూ ఆగాడు.

"ఇది మీ నాన్నగారికి సూపించేరేటండీ?"

"లేదు. దాచేశాను."

"మరి ఆయన అడగలేదేటి?"

"ఏమిటి?"

"ఉత్తరం. సగం పొయ్యమని ఎవరో రాసిన కాగితం వల్లే కదా ఆయన కన్ను పోయింది. అలగని కదా ఆయన అనుకున్నారు. నానైతే ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే ఆ కాగితం తెమ్మందును. ఆ రాసినోడి గుమ్మం ముందు కూకుని తిట్టుదును. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగలేదేటండీ?"

ఒక మరమేకు తప్పు సైజు పంపారని విశాఖపట్నానికి మూడు ఉత్తరాలు రాయించిన మనిషి మా నాన్న. ఆ మనిషి తన కన్ను తీసిన ఉత్తరాన్ని చూపించమనలేదు. గురువు గారి మీద ఒక్క మాట తూలలేదు. పెద్దాయన పోయారని కబురొస్తే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మందుల మత్తులో మరిచిపోయాడని, నా అదృష్టమని, నేను అప్పటి నుంచీ అనుకుంటున్నాను. అడిగితే చెప్పడానికి అబద్ధం కూడా తయారుగా పెట్టుకున్నాను, ఇల్లు సర్దినప్పుడు పోయిందని. ఆ అబద్ధం నా చేత చెప్పించకూడదనే నాన్న అడగలేదు.

నాన్నకి తెలుసు. గొయ్యిలో తల తిప్పకుండా అడిగినప్పటికే అనుమానం ఉందేమో, ఆసుపత్రి మంచం మీద పోలీసులతో మాట్లాడేనాటికి మాత్రం తెలుసు. పదకొండేళ్ళు నా చేతి అన్నం తిని, చర్చిలో నా పక్కన కూర్చుని, నా అంతట నేను చెప్తానని ఎదురు చూశాడు.

"అడగలేదు బాబూ" అన్నాను. అతను ఉత్తరం బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.